చీకటవ్వ బొంతకు కీచురాయి మాసిక

ఒకప్పుడు రాత్రి దానంతట అది వచ్చేది కాదు. ఒకరు మోసుకొచ్చి కప్పితేనే వచ్చేది.

ఎవరు మోసుకొచ్చేవారు అంటారా? చీకటవ్వ.

అవ్వ దగ్గర ఒక నల్ల బొంత ఉండేది. ఎంత పెద్దదంటే, ఆకాశం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సరిపోయేంత. పొద్దు వాలగానే అవ్వ ఆ బొంతను భుజాన వేసుకుని కొండ ఎక్కేది. ఒక్క విసురు విసిరి ఆకాశానికి కప్పేసేది. సూర్యుడు బొంత పైన ఉండిపోయేవాడు, మనం బొంత కింద. అదే రాత్రి. తెల్లవారగానే బొంతను దులిపి, మడిచి, చంకన పెట్టుకుని తన గుహకు పోయి పడుకునేది.

పాత బొంత కదా, అక్కడక్కడా సూదిమొనంత చిల్లులుండేవి. వాటిలోంచి కారే వెలుతురును మనం చుక్కలంటాం. అంత చిన్న చిల్లుల్ని ఎవరు పట్టించుకుంటారు?

మరి చందమామ సంగతేంటని అడగబోతున్నారు కదూ! అది వేరే కథ. మధ్యలో అడిగితే నాకు ఈ కథ తప్పిపోతుంది. నోరు మూసుకుని, చెవులు తెరుచుకుని వినండి.

అవ్వ గుహ నల్లమల కొండల్లో ఉండేది. లోపల చల్లగా, తడిగా, ఎండ అనేది ఎరగని చోటు. అదే గుహలో కీచురాళ్ళు కాపురముండేవి. లెక్కకు ముప్పై ముగ్గురు. అందరికీ రెక్కలుండేవి, అందరూ పాడేవాళ్ళు.

వాళ్ళలో ఓబులు అని ఒకడు. ఆ రోజుల్లో మీరు ఓబులును చూసి ఉండాల్సింది! వీపు నిటారుగా ఉండేది. కాళ్ళు పొట్టి. మీసాలు చిన్నవి, ముద్దొచ్చేవి. రెక్కలు మాత్రం, అబ్బో, తమలపాకులంతేసి! నల్లగా నిగనిగలాడుతుండేవి. ఆ రెక్క మీద ఈ రెక్క రాస్తే పాట పుట్టేది. పాటే కాదు, మాట కూడా ఆ రెక్కల్లోంచే వచ్చేది. కీచురాళ్ళకు గొంతు యాడిది?

ఆ ఓబులుకు పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురు అవతలి కొండ పుల్లమ్మ. ఆ అమ్మాయి ఓబులు మొహం కూడా చూడలేదు. గాలివాటున పాట విని, "ఎవరో గానీ, చేసుకుంటే ఆ పాడేవాడినే చేసుకుంటా" అని కూర్చుంది. అమావాస్యకు ముహూర్తం పెట్టారు.

కీచురాళ్ళ పెళ్ళిళ్ళలో ఒక ఆచారం ఉంది. పెళ్ళికూతురు వాళ్ళు బయలుదేరగానే పెళ్ళికొడుకు పాట మొదలుపెట్టాలి. ఆ పాటను పట్టుకునే వాళ్ళు ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. పాట లేకపోతే వాళ్ళకు దారీ లేదు, వీడికి పెళ్ళీ లేదు. నల్లమలలో గుహలు ఒకటా రెండా!

అందుకని ఓబులు సాధన మొదలుపెట్టాడు. ఎప్పుడంటారు? పగటిపూట! రాత్రుళ్ళు మేతకు పోవాలి కదా మరి. ఎక్కడంటారు? గుహ మధ్యలో! అక్కడ పాడితే ఒక పాట పది పాటలై మోగుతుంది. సరిగ్గా ఆ పక్కనే అవ్వ పడక.

మొదటి రోజు అవ్వ అటు తిరిగి పడుకుంది. రెండో రోజు చెవుల్లో కొంగు దూర్చుకుంది. మూడో రోజు లేచి కూర్చుంది.

"ఒరే ఓబులూ, కంటి మీద కునుకు లేదురా నాయనా" అంది అవ్వ.

ఓబులుకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మంచివాడు పాపం. మంచివాడే గానీ పాటగాడు. ఈ పాటగాళ్ళకు ఒక జబ్బుంది. ఆకలేస్తే పాడతారు. కడుపు నిండితే పాడతారు. ఇంకొకరికి నిద్ర పట్టలేదని చెబితే ఏం చేస్తారు?

"జోలపాట!" అని ఎగిరి గంతేశాడు ఓబులు. "అవ్వకు నిద్ర పట్టడం లేదంట! రాండి, రాండి! మామా, నువ్వూ రా! చిన్నాన్నా, నువ్వూ! అందరం కలిసి జోలపాట పాడదాం!"

ముప్పై ముగ్గురూ వచ్చి అవ్వ పడక చుట్టూ గుండ్రంగా కూర్చున్నారు.

"కిర్ర్ర్ కిర్ర్ర్ జోజో! అవ్వమ్మ జోజో! కిర్ర్ర్ర్ర్!"

ముప్పై మూడు పాటలు. గుహ ఊరుకుంటుందా? వాటిని మూడొందల ముప్పై చేసి అవ్వ నెత్తిన పోసింది.

"ఆపండిరా!" అని అవ్వ అరిచింది. ఆ మోతలో ఎవరికి వినపడుతుంది? పెదాలు కదలడం మాత్రం కనపడింది.

"చూశారా, అవ్వ కూడా మనతో కలిసి పాడుతోంది!" అన్నాడు ఓబులు మురిసిపోతూ. "ఇంకొంచెం గట్టిగా పాడితే నిద్ర పట్టేట్టుంది. ఊఁ, కానీండి!"

గుహ పైకప్పుకు సుంకమ్మ అనే గబ్బిలం వేలాడుతుండేది. చంకకొక పిల్ల చొప్పున ఇద్దరు పిల్లలు. సుంకమ్మకు నోరు పెద్దది, ఓపిక చిన్నది.

"ఒరే ఓబులుగా!" అంది తలకిందులుగానే. "మీ పాట దెబ్బకు నా పిల్లలు కళ్ళు మూసి మూడు దినాలైంది. ఆపుతారా, నన్ను కిందికి దిగమంటారా?"

"అవ్వ ఇంకా పడుకోలేదు కదత్తా! పడుకోగానే ఆపేస్తాం" అన్నాడు ఓబులు.

ఇట్లా ఎన్నాళ్ళు? పది రోజులు. వాళ్ళు పాడుతున్నంతసేపూ అవ్వకు నిద్ర లేదు. అవ్వకు నిద్ర లేనంతసేపూ వాళ్ళు పాట ఆపలేదు.

పదో రోజు పొద్దు వాలింది. అవ్వ బొంత భుజాన వేసుకుని తూలుకుంటూ కొండ ఎక్కింది. నడుస్తూనే నిద్రపోతోంది. కొండకొన మీద మొన తేలిన కోసురాయి ఒకటి ఉంది, మామూలుగా అయితే దాన్ని తప్పించి విసురుతుంది. ఆ రోజు అవ్వకు రాయీ కనపడలేదు, రప్పా కనపడలేదు. కళ్ళు మూసుకుని విసిరింది. బొంత పోయి కోసురాయికి తగులుకుంది.

పర్ర్ర్ర్ర్!

నడిమధ్యన చెరువంత చిరుగు పడింది. ఆ చిరుగులోంచి ఎండ దబ్బున కిందికి దిగింది.

ఇంక చూస్కోండి తమాషా! కోడిపుంజు లేచి "కొక్కొరోకో" అంది. గంటకు మళ్ళీ అంది. ఇంకో గంటకు తనకే అనుమానం వచ్చి చిన్నగా అంది. గుడ్లగూబ కళ్ళు చికిలించుకుంటూ పోయి మద్దిచెట్టుకు గుద్దుకుంది. సన్నజాజి మొగ్గ సగం విచ్చుకుని, "అయ్యో, పగలు!" అని సిగ్గుపడి ముడుచుకుంది. ఎలుగుబంటి పిల్లలు "అమ్మా తెల్లారింది, అమ్మా తెల్లారింది" అని తల్లి పొట్టమీద ఎక్కి తొక్కాయి.

తెల్లవారేసరికి, అంటే అసలు తెల్లవారినప్పుడు, అందరూ వచ్చి గుహ ముందు నిలబడ్డారు.

"ఏందవ్వా ఈ రాత్రి? మధ్యలో ఈ ఎండేంది?" అంది ఎలుగుబంటి. రెండు పిల్లలూ ఇంకా దాని వీపు మీద కుస్తీ పడుతూనే ఉన్నాయి.

అవ్వ బొంత ఒళ్ళో వేసుకుని చిరుగును తడుముతూ కూర్చుంది.

"మామూలు రాత్రులకైతే ఎట్లాగో సర్దుకుందును" అంది అవ్వ. "ఇంక నాలుగు రోజుల్లో అమావాస్య. ఆ రోజు బొంతను నాలుగు మూలలా బిగించి లాగాలి. ఈ చిరుగుతో లాగితే నిలువునా రెండు ముక్కలవుతుంది. ఇంక మీకు రాత్రి అనేదే ఉండదు."

"ఎప్పటికీనా?" అంది ఎలుగుబంటి.

"ఎప్పటికీ."

ఎలుగుబంటి పిల్లల వంక చూసింది. అక్కడే కూలబడిపోయింది.

"అసలెట్లా చిరిగిందవ్వా?" అంది గుడ్లగూబ, నుదుటి బొప్పి రుద్దుకుంటూ.

"నిద్ర లేక తూలాను" అంది అవ్వ. అంతకంటే ఒక్క మాట అనలేదు.

"అదేంది? రోజూ జోలపాట పాడితిమి కదవ్వా!" అన్నాడు ఓబులు.

సుంకమ్మకు ఒళ్ళు మండిపోయింది. "ఓరి నీ పాట పాడుగాను! ఆ జోలపాట వల్లేరా ముసలిది నిద్రపోనిది! పది దినాల నుంచి ఆపమని మొత్తుకుంటోంది. నువ్వేమో, అవ్వ కూడా పాడుతోంది అంటివి!"

ఓబులు అవ్వ మొహం చూశాడు. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. సిగ్గుతో వాడికి ప్రాణం చచ్చిపోయింది. తను ఇన్నాళ్ళూ మంచి చేస్తున్నాననే అనుకున్నాడు.

ఇంతలో కారుమబ్బు ఒకటి దిగి వచ్చింది. దాని చేతిలో మడత విప్పని కొత్త నల్లగుడ్డ ఉంది.

"ఇదిగో అవ్వా, దీన్ని మాసిక వేసుకో. ఇంకా నీళ్ళు కూడా పడని గుడ్డ" అంది గొప్పగా.

"బొంతకు కొత్త గుడ్డ వేయరమ్మా" అంది అవ్వ.

"ఎందుకు వేయరు? నాకు తెలీదా? వేసి చూడు!"

వద్దంటే వినేరకం కాదు మబ్బు. సరేనని కుట్టి చూశారు. కొత్త గుడ్డ బిరుసుగా ఉండి, ఊరికే ఇట్లా లాగగానే పాత నేతను కోసేసింది. చెరువంత చిరుగు కాస్తా ఏరంత పొడుగైంది. మబ్బు గుడ్డ మడుచుకుని, ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయింది.

"చెప్తే వింటారా" అంది అవ్వ. "బొంత అంటే ఏంది? పాత చీరలు, పాత పంచెలు. ఒంటి మీద నలిగీ నలిగీ మెత్తబడిన గుడ్డలే ఒకదానితో ఒకటి కలుస్తాయి. నా బొంతకైతే చీకట్లో నలిగిన నలుపు కావాలి."

కాకి ముందుకొచ్చి ఒక ఈక పీకి ఇచ్చింది. అవ్వ దాన్ని బుగ్గకు ఆనించుకుని చూసింది.

"వెచ్చగా ఉంది తల్లీ. ఇది ఎండలో తిరిగిన నలుపు. పనికిరాదు" అని వెనక్కి ఇచ్చింది.

అందరూ గుహలోకి తొంగిచూశారు. చీకట్లో పుట్టి, చీకట్లో పెరిగి, నల్లగా ఉన్నవాళ్ళు ఎవరు? ముందు సుంకమ్మ కనపడింది.

"నా వంక చూడొద్దండీ!" అంది సుంకమ్మ రెక్కలు ముడుచుకుని. "ఇస్తే ఇద్దును. నేను ఎగరకపోతే ఈ రెండు నోళ్ళకు మేత ఎవరు తెస్తారు?"

నిజమే కదా. అందరి కళ్ళూ మెల్లగా కీచురాళ్ళ రెక్కల మీదికి పోయాయి.

మామ దగ్గాడు. చిన్నాన్న, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను అన్నాడు. కీచురాయికి పొయ్యేంది, పాలేంది? కళ్ళు మూసి తెరిచేలోగా ముప్పై ఇద్దరు లేరు! ఒకడు బండసందులోంచి, ఒకడు గడ్డిలోంచి, రెక్కలు పట్టుకుని పరారో పరారు. మీ వంటింటి మూలల్లో, గడ్డివాముల్లో కీచుకీచుమనేది వాళ్ళ సంతానమే. కావాలంటే దగ్గరికి పోయి చూడండి, ఎవరైనా వస్తే చాలు, టక్కున పాట ఆపేస్తారు. ఇంకా రెక్కలడుగుతారేమోనని భయం.

ఓబులు ఒక్కడే మిగిలాడు. గుహ గోడకు ఆనుకుని కూర్చుని తన రెక్కల్ని తనే నిమురుకుంటున్నాడు.

సుంకమ్మకు జాలేసింది. "నువ్వూ పోరాదుట్రా? పెళ్ళి పెట్టుకున్నావు" అంది మెల్లగా.

"అదేనత్తా నా బాధ" అన్నాడు ఓబులు. "రెక్కలిస్తే నాకు పాట ఉండదు. పాట లేకపోతే పుల్లమ్మకు దారి తెలీదు. తెలిసి వచ్చినా, పాడని ఓబులు ఆ అమ్మాయికి ఎందుకు? నా మొహం చూసి ఒప్పుకుందా ఏమన్నా?"

"మరైతే పో."

"పోతే అవ్వ గతేంది? చిరుగు పడింది నా వల్ల కాదా?"

ఓబులు లేచాడు. రెండడుగులు గుహ వాకిలి వైపు వేశాడు. ఆగాడు. గిర్రున వెనక్కి తిరిగి, పరుగెత్తుకుంటూ పోయి అవ్వ ముందు నిలబడ్డాడు.

"అవ్వా, నా రెక్కలు తీసుకో."

"బలవంతం లేదురా నాయనా. బాగా ఆలోచించుకో" అంది అవ్వ.

"ఆలోచిస్తే ఇవ్వలేనవ్వా. తొందరగా తీసుకో."

అవ్వ వాడిని అరచేతిలోకి ఎత్తుకుంది. "ఒక్క పాట పాడరా ముందు. ఈసారి నేను మేలుకుని ఉండి వింటా" అంది.

ఓబులు పాడాడు. ఎవరినీ నిద్రపుచ్చాలని కాదు, ఎవరికీ దారి చూపాలనీ కాదు. చిన్నగా, తన కోసం తను పాడుకున్నాడు. గుహ కూడా ఆ పాటను పెద్దది చేయలేదు, వింటూ ఉండిపోయింది. పాట అయ్యేసరికి ఎలుగుబంటి పిల్లలు రెండూ తల్లి వీపు మీదే నిద్రపోయాయి. తల్లి ఊపిరి కూడా గట్టిగా పీల్చకుండా ఇంటికి పోయింది.

అవ్వ చేయి వేయగానే రెక్కలు పండుటాకుల్లా ఊడి వచ్చాయి. నొప్పి లేదు. ఓబులు "అయ్యిందా అవ్వా?" అని అడగబోయాడు. మాట రాలేదు.

అవ్వ గుహ నీళ్ళతో చేయి తడుపుకుని, ఆ రెక్కల్ని జొన్నరొట్టె తట్టినట్టు తట్టింది. తడుతుంటే అవి సాగాయి. తమలపాకంత ఉన్నవి చాటంత అయ్యాయి, చాపంత అయ్యాయి, గుహ నిండిపోయాయి. చీకట్లో నలిగిన నలుపు మరి, ఎంత సాగదీస్తే అంత సాగుతుంది.

ముళ్ళపంది ఒక ముల్లు ఇచ్చింది, సూదికి. సాలీడు దారం వడికి ఇచ్చింది. దారానికి మసి పూశారు. అవ్వ సూది పట్టుకుంది గానీ, పది రోజుల నిద్ర ఒక్కసారిగా మీద పడి, రెండు కుట్లు వేసేలోగా తల వాల్చేసింది. ఓబులు ఆమె చేతిలోంచి సూదిని మెల్లగా లాక్కుని తను కుట్టడం మొదలుపెట్టాడు.

మూడు దినాలు కుట్టాడు. ఆ మూడు దినాలూ లోకంలో రాత్రే లేదు. కోడిపుంజు గొంతు బొంగురుపోయి, చివరికి సైగ చేయడం మొదలుపెట్టింది.

బొంత కుట్టేవాళ్ళను చూశారా ఎప్పుడైనా? కాళ్ళు బారజాపి, గుడ్డ ముడత పడకుండా పాదాలతో తొక్కిపెట్టి, మీదికి వంగి కుడతారు. ఓబులూ అట్లాగే కూర్చున్నాడు. అంత పెద్ద గుడ్డను తొక్కిపెట్టాలంటే పొట్టికాళ్ళు చాలుతాయా? చాపాడు, ఇంకా చాపాడు. కాళ్ళు సాగిపోయాయి. వంగాడు, ఇంకా వంగాడు. వీపు అట్లాగే గూనిగా ఉండిపోయింది.

పక్కన అవ్వ గుర్రుపెట్టి నిద్రపోతోంది. ఆ గురక విన్నప్పుడు ఓబులుకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను! తన పాట చేయలేని పనిని తన మౌనం చేసింది. నవ్వుకున్నాడు, చప్పుడు లేకుండా.

అమావాస్య సాయంత్రం అవ్వ లేచింది. ఒళ్ళు విరుచుకుని, మాసిక అంతా తడిమి చూసింది. ఒక మూల చేయి ఆగిపోయింది.

"ఇక్కడ జానెడు తక్కువైందిరా" అంది.

ఓబులు చుట్టూ తడుముకున్నాడు. రెక్కలు అయిపోయాయి. దారం మిగిలింది, గుడ్డ లేదు.

"జానెడే కదా, సర్దుకోవచ్చు కదా!" అంది సుంకమ్మ పైనుంచి.

"చిరగడానికి జానెడు చాలమ్మా" అంది అవ్వ.

సరిగ్గా అప్పుడే బయట కొండ మీద పెళ్ళికూతురు వాళ్ళు వచ్చి ఆగారు. చెవులు రిక్కించి విన్నారు. పాట లేదు.

"పెళ్ళికొడుకు మనసు మార్చుకున్నట్టున్నాడు. పదమ్మా, ఇంటికి పోదాం" అన్నాడు పుల్లమ్మ వాళ్ళ నాయన.

"మీరు పోండి నాయనా" అంది పుల్లమ్మ. "అంత పాట పాడేవాడు పాడలేదంటే, పాడలేనిది ఏదో అయ్యుంటుంది. నేను చూసి వస్తా."

ఒక్కో గుహలో తొంగిచూస్తూ పిలుచుకుంటూ వచ్చింది. "ఓబులూ! ఓ ఓబులూ!"

ఆ పిలుపు లోపల ఓబులు చెవిన పడింది. పలకాలని ప్రాణం కొట్టుకుంటోంది, పలకడానికి రెక్కల్లేవు. పోనీ ఎదురు పోదామంటే, తనను తను చూసుకున్నాడు. గూని వీపు, సాగిన కాళ్ళు. ఏ మొహం పెట్టుకుని పోతాడు? పుల్లమ్మ లోపలికి రావాలనీ ఉంది, రాకూడదనీ ఉంది. పోయి ఒక బండ వెనక నక్కి కూర్చున్నాడు.

పుల్లమ్మ గుహలోకి వచ్చింది. లోపల కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనపడటం లేదు. "ఓబులూ, ఉన్నావా?" అంది. జవాబు లేదు. కాసేపు నిలబడి, నిట్టూర్చి వెనక్కి తిరిగింది.

"అయ్యో పోతోంది, పోతోంది!" అని సుంకమ్మ పైన గిలగిలలాడింది.

అవ్వ చటుక్కున వంగి, మిగిలిన దారంలోంచి రెండు పొడుగాటి పోగులు తెంపింది. బండ వెనకున్న ఓబులు నుదుటికి, చిన్న మీసాల కొసలకు వాటిని అతికించింది.

"మాట లేకపోతే ఏంరా? అందుకో!" అంది వాడి చెవిలో.

ఓబులు ఆ పోగుల్ని చాపాడు. అవి చీకట్లో పోయి, పోయి, పుల్లమ్మ భుజాన్ని తాకాయి.

"ఎవరది!" అని ఉలిక్కిపడింది పుల్లమ్మ.

ఓబులు ఆ పోగుతో ఆమె భుజం మీద మెల్లగా తట్టాడు. టక్ టక్... టకటక్ టక్. తను రోజూ పాడే పాట తాళం అది. పాట లేదు, తాళం ఉంది.

పుల్లమ్మ కదలకుండా నిలబడి మొత్తం వింది. "ఇది నా ఓబులే!" అని ఆ పోగును పట్టుకుని, దాని వెంటే తడుముకుంటూ బండ వెనక్కి వచ్చేసింది.

వచ్చి వాడి వీపు తడిమింది. కాళ్ళు తడిమింది. "రెక్కలేవి?" అంది. ఓబులు తల వంచుకున్నాడు. జరిగిందంతా అవ్వ చెప్పింది.

అంతా విని పుల్లమ్మ ఫక్కున నవ్వింది.

"మా అమ్మ ఒకటే భయపెట్టింది అవ్వా! పాటగాడిని చేసుకుంటున్నావు, ఇంక నీ మాట వినే మొగుడు కాదే వాడు, నువ్వే జీవితమంతా వాడి పాట వినాలి అని! ఇప్పుడు చూడు, ఎంత బుద్ధిగా వింటున్నాడో!"

సుంకమ్మ నవ్వీ నవ్వీ పట్టు జారి, పడబోయి నిలదొక్కుకుంది. ఓబులు కూడా నవ్వాడు. వాడి మీసాలు రెండూ గజగజ ఊగాయి.

పుల్లమ్మ చేయి బొంత మీద పడింది. "ఇక్కడ జానెడు ఖాళీ ఉంది కదా?" అంది. ఎవరూ చెప్పకముందే తన రెక్కల మీద చేయి వేసింది.

"నువ్వెందుకు తల్లీ?" అంది అవ్వ. "తప్పు నీది కాదు కదా."

"తప్పుకు కాదవ్వా. ఈయన కుట్టిన మాసికలో నా ముక్క ఒకటి లేకపోతే అది పెళ్ళేంది?" అంది పుల్లమ్మ. ఆ పిల్ల రెక్కల్లోంచి వచ్చిన ఆఖరి మాట అదే.

ఇద్దరూ ఎదురెదురుగా కాళ్ళు చాపుకుని కూర్చుని ఆ జానెడూ కుట్టారు. అవ్వ పుల్లమ్మ నుదుటికీ రెండు పోగులు అతికించింది. చీకట్లో ఈ పోగులు ఆ పోగుల్ని వెతుక్కుని, చుట్టుకుని, ముడిపడ్డాయి. పెళ్ళంటే అంతే. సుంకమ్మ పైనుంచి అడవిపూల రేకులు రాల్చింది, అక్షింతలకు బదులు.

అవ్వ బొంత భుజాన వేసుకుని కొండ ఎక్కింది. ఈసారి కోసురాయిని తప్పించి విసిరింది. నాలుగు మూలలా బిగించి లాగింది. కింద అందరూ ఊపిరి బిగపట్టారు. బొంత బిర్రున సాగింది. మాసిక దగ్గర ఒక్క పోగు కూడా తెగలేదు.

ఆహా, ఏం రాత్రండీ అది! చిక్కటి, చల్లటి, మెత్తటి రాత్రి. సన్నజాజి మొగ్గలన్నీ ఒక్కసారే విచ్చుకున్నాయి. గుడ్లగూబ చెట్టు తప్పించి ఎగిరింది. కోడిపుంజు రెక్కలో తల దూర్చుకుని పడుకుంది. ఎలుగుబంటి తన పిల్లల పక్కన పడుకుని, వాళ్ళకంటే ముందు నిద్రపోయింది.

గుహలో ఓబులుకు సంతోషం పట్టలేదు. పాడదామంటే రెక్కల్లేవు. ఆ సంతోషం ఎక్కడికి పోతుంది? కాళ్ళలోకి దిగింది! ఒక్క దూకు దూకాడు, పోయి గుహ పైకప్పుకు తగిలాడు. పుల్లమ్మా దూకింది. ఇటు గోడ నుంచి అటు గోడకు, కింది నుంచి పైకి, ఆ మొగుడూ పెళ్ళాం దూకిందే దూకుడు. ఒక్క చప్పుడు లేదు. తెల్లవారి అవ్వ వచ్చేసరికి ఇద్దరూ ఆమె పడక పక్కన ఒదిగి కూర్చుని ఉన్నారు. అవ్వ వాళ్ళ గూని వీపులు నిమిరి, హాయిగా కళ్ళు మూసుకుంది.

అప్పటినుంచే గుహల్లో ఉండే గూని కీచురాయికి రెక్కలు లేవు, పాట లేదు. పాడదు కాబట్టి అదొకటి ఉందని కూడా చాలామందికి తెలీదు. అప్పటినుంచే దాని వీపు వంగి ఉంటుంది, వెనక కాళ్ళు బారెడు, మీసాలు ఒంటికి రెండింతలు. చీకట్లో ఒకదాన్నొకటి ఆ మీసాలతోనే పలకరించుకుంటాయి.

అప్పటినుంచే, పట్టపగలు ఎవరైనా దీపం పట్టుకుని గుహలోకి అడుగుపెడితే, మిగతా పురుగుల్లా అది వెనక్కి పారిపోదు. ఎదురొచ్చి, సరాసరి మొహం మీదికే దూకుతుంది. అట్లా దూకినప్పుడు మీరు కేకలు పెట్టొద్దు. దీపం దించి, మెల్లగా బయటికి వచ్చేయండి. లోపల అవ్వ పడుకుని ఉంది.